గనికో సొంత దిక్కు

మూడు దుప్పట్లు ఆరేసి వస్తానని వెళ్ళిన మనిషి గంటైనా రాకపోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మరదలికి ఒళ్ళు మండటమే కాదు, జ్వరంతో కాలిపోతోంది కూడా. రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి తొంగిచూసింది. మూడోసారి మొగుణ్ణి తోలింది.

"మీ అక్కగారు దుప్పట్లు ఆరేస్తున్నారో నేస్తున్నారో చూసి రండి," అంది.

తమ్ముడు స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లల్ని దింపి అప్పుడే వచ్చాడు, కాళ్ళు ఈడ్చుకుంటూ వీధి వెనక్కి నడిచాడు. అక్కడ ఖాళీ స్థలంలో గుండ్రటి సిమెంటు పలక ఒకటుంది. ఎండ బాగా తగులుతుందని వీధి మొత్తం దాని చుట్టూ తాళ్ళు కట్టుకుని బట్టలు ఆరేసుకుంటుంది. అక్క ఆ పలక నడిమధ్యన నిలబడి ఉంది. తడి దుప్పటి భుజం మీద నుంచి నీళ్ళోడుతోంది. ఒక కన్ను మూసి, చెయ్యి ముందుకు చాపి, బొటనవేలు నిలబెట్టి కొండకేసి చూస్తోంది.

"ఎవరికి టాటా చెబుతున్నావక్కా?"

ఆవిడ తిరిగి చూడలేదు. "నోరు మూసుకుని ఇలా రా. నా వెనకాల నిలబడు. ఆ బోరు మిషను కనపడుతోందా?"

కనపడకేం. కొండవాలున చెట్ల పైనుంచి బోరు మిషను స్తంభం పసుపుపచ్చగా లేచి ఉంది. దాన్ని చూస్తేనే తమ్ముడికి నీరసం వచ్చింది. "రెండో బోరు కూడా ఉత్తదేనటక్కా. పొద్దున్నే వార్త వచ్చింది. షేరు సగానికి సగం పడిపోయింది. ఆ సంగతి నీకెలా చెప్పాలా అని చూస్తున్నా."

"ఉత్తదే అవుతుంది," అంది అక్క. ఆ గొంతులో దిగులు లేదు సరికదా, ఉత్సాహం పొంగుతోంది. "వాళ్ళు తవ్వుతున్న చోట రాగి ఉండదు. దిక్కు తప్పారురా."

వీధిలో అందరూ ఆవిడని ట్రేసరమ్మ అంటారు. గని నడిచిన రోజుల్లో సర్వే ఆఫీసులో మ్యాపుల మీద పల్చటి గుడ్డ పరిచి ఇంకు పెన్నుతో గీతకి గీత దించేది. ఇప్పుడు అదే చేత్తో టైలరు షాపులో చొక్కాల గుడ్డ మీద కటింగు గీతలు గీస్తోంది. పెద్ద కంపెనీ మూసేసిపోయిన ఆ గనిని నిరుడు ఒక చిన్న కంపెనీ కొన్నది. ఇలాంటి చిన్న కంపెనీలకి సొంత డబ్బుండదు. పాత గనిలో ఇంకా సరుకు మిగిలి ఉందని చెప్పి షేర్లు అమ్ముతారు, ఆ డబ్బుతో బోర్లు వేస్తారు. తగిలితే షేరుకి పట్టపగ్గాలుండవు, తగలకపోతే ఆ కాగితం పొట్లం కట్టుకోవడానికి కూడా పనికిరాదు. వీధిలో పాతిక ముప్ఫై ఇళ్ళవాళ్ళు ఆ షేర్లు కొన్నారు. కంపెనీ రంగుల పుస్తకం చూసి కొనలేదు. "భూమి లోపల ఏడో లెవెల్ చివర రాగి పట్టీ ఇంకా ముందుకి పోతూనే ఉంది, గని మూసేసే రోజుకి తవ్వకుండా వదిలేశారు, నా చేత్తో నేనే గీశాను," అని ట్రేసరమ్మ అన్న ఒక్క మాట మీద కొన్నారు.

ఆవిడ తాటి మీదున్న క్లిప్పులు మూడు పీకి పలక మీద గొంతుక్కూర్చుంది. మొదటి క్లిప్పు పెట్టింది. "ఇది షాఫ్టు. మనుషులు దిగే బావి. అదిగో, ఆ దిమ్మలున్న చోట." రెండో క్లిప్పు జానెడు దూరంలో పెట్టింది. "ఇది మనం కూర్చున్న పలక. ఇదేమిటనుకున్నావు?"

"బట్టలారేసుకునే పలక."

"నీ మొహం. ఇది గాలి బావి మూత. ఏడో లెవెల్లో పనిచేసేవాళ్ళకి గాలాడటానికి కింద నుంచి పైకి తవ్వారు. మూసేశాక మూత వేసి పోయారు, మనం తాళ్ళు కట్టుకున్నాం." మూడో క్లిప్పుని ఆ రెండింటి గీతలోనే ఇంకాస్త ముందుకి పెట్టింది. "ఇది రాగి. షాఫ్టు, గాలి బావి, రాగి పట్టీ, మూడూ ఒకే గీతలో ఉండాలి. ఇప్పుడు లేచి షాఫ్టు కేసి వీపు పెట్టి నిలబడు. నీ ఎదురుగుండా ఏముంది?"

తమ్ముడు నిలబడి చూశాడు. ఎదురుగా తుప్పలున్న మిట్ట ఉంది. బోరు మిషను చాలా కుడిపక్కకి, నీళ్ళ ట్యాంకు దాపున ఉంది. అతను ఆ మిట్టనీ మిషనునీ నాలుగుసార్లు మార్చి మార్చి చూసి నోరు తెరిచాడు.

"ఓర్నాయనో," అన్నాడు మెల్లగా.

"ఇంకొక్క బోరుకే డబ్బుందట వాళ్ళ దగ్గర. అదీ ఆ ట్యాంకు దగ్గరే వేస్తే మిషను కట్టేసుకుని పోతారు. అప్పుడు మన వీధి మొత్తం మునిగినట్టే." ఆవిడ లేచింది. "నేను కంపెనీకి వెళ్తున్నా."

తమ్ముడు అడ్డంగా నిలబడ్డాడు. వ్యాను నడిపేవాడైనా అతని బుర్ర ఇలాంటి విషయాల్లో చాలా చురుకు. "అక్కా, ఒక్క రెండు రోజులు నోరు కట్టేసుకో. పొద్దుట్నుంచీ అందరూ అమ్మేస్తామంటున్నారు. వచ్చినకాడికి మనం కొనేద్దాం. ఆ తర్వాత వెళ్ళి చెబుదువుగాని. నష్టం ఎవరికి చెప్పు?"

"అమ్మినవాళ్ళకి."

"వాళ్ళెలాగూ అమ్మేస్తున్నారుగా."

"నా మాట మీద కొన్నవాళ్ళ దగ్గర, నా మాట దాచిపెట్టి కొనమంటావు. అంతేనా?" తడి దుప్పటి తీసి అతని భుజాన పడేసింది. "ఇది ఆరెయ్. మిగతా రెండూ బకెట్లో ఉన్నాయి. నీ పెళ్ళానికి గంజి కాచి పెట్టు."

కంపెనీ ఆఫీసు పాత స్టోర్సు గదుల్లో ఉంది. వరండా పొడుగునా రేకు ట్రేలు, వాటిలో బోరులోంచి తీసిన గుండ్రటి రాతి కడ్డీలు వరసగా పేర్చి ఉన్నాయి. ట్రేసరమ్మ పోతూ పోతూ వాటిని చూసుకుంది. అన్నీ బూడిద రంగే. రాగి ఉంటే ఎక్కడో ఒకచోట పసుపో పచ్చో తళుక్కుమనాలి. చూపుకి ఒక్క చుక్కా తగల్లేదు. చోటు తప్పారన్న తన మాటే నిజమని ఆ రాళ్ళని చూసి ఆవిడకి సంతోషం వేసింది.

మేనేజరు ఫోన్లో ఉన్నాడు. షేర్లు కొన్నవాళ్ళెవరో అవతల చీవాట్లు పెడుతున్నట్టుంది, ఇతను "సార్, సార్" అంటూ తల ఊపుతున్నాడు. ఫోను పెట్టేసి ఈవిడ చెప్పింది సగం విని చెయ్యి ఎత్తాడు.

"అమ్మా, మీ వీధివాళ్ళ బాధ నాకు తెలుసు. కానీ మా దగ్గర మ్యాపులన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. అంగుళం తేడా రాదు."

"అంగుళం రాదు బాబూ. డెబ్బై ఎనభై మీటర్లు వచ్చింది."

"మీరేం చదివారు?"

"మ్యాపులు," అంది ట్రేసరమ్మ.

వరండాలో రాళ్ళ ముందు కూర్చుని పుస్తకంలో రాసుకుంటున్న అమ్మాయి తలెత్తింది. బూట్ల నిండా బురద, చెవి వెనకాల పెన్సిలు. కంపెనీ జియాలజిస్టు. రెండు బోర్లూ ఆ అమ్మాయి పెట్టిన గుర్తుల మీదే వేశారు. రెండు వారాలుగా ఆ అమ్మాయికి సరిగ్గా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. లేచి వచ్చి, "ఏ మ్యాపులు చదివారమ్మా?" అని అడిగింది.

"ఈ గనివే. పంతొమ్మిదేళ్ళు."

మరో మాట లేకుండా ఆ అమ్మాయి ట్రేసరమ్మ చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయింది. మేనేజరు గుమ్మం దాకా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు ఉత్తరం దిక్కు ఎటు తీసుకున్నావు తల్లీ?" అంది ట్రేసరమ్మ కూర్చుంటూనే.

"మ్యాపు మీద బాణం గుర్తుంది కదమ్మా. అదే తీసుకున్నాను."

"అక్కడే వచ్చింది చిక్కు. ఈ గనికి సొంత ఉత్తరం ఉంది. రాగి పట్టీ భూమిలో ఉత్తరానికి ఓరగా పోతోందనీ, కాగితం మీద నిలువుగా వచ్చేలా గీసుకుంటే ఒకే షీటులో ఇముడుతుందనీ, మొదట్లో సర్వే చేసినవాళ్ళు దిక్కునే తిప్పేసుకున్నారు. దాన్ని గని ఉత్తరం అనేవాళ్ళం. మా ఆఫీసులో చాయ్ తెచ్చే మనిషికి కూడా తెలుసు ఆ సంగతి. అందుకే ప్రతి షీటు మీదా రెండు బాణాలు ఉంటాయి. సగం రెక్క ఉన్నది గనిది, నిండు రెక్క ఉన్నది అసలుది. మీవాళ్ళెవరో చూసుకోకుండా గనిదాన్ని పట్టుకుని అసలుదనుకున్నారు."

జియాలజిస్టు అమ్మాయి అయోమయంగా చూసింది. "రెండు బాణాలు ఎక్కడా లేవమ్మా. ఒక్కటే ఉంది."

"ఉండకపోవడమేమిటి? షీటు తియ్యి."

ఆ అమ్మాయి పొడుగాటి గొట్టంలోంచి ప్లాస్టిక్ ఫిల్ము చుట్ట తీసి బల్ల మీద పరిచింది. మూలల్లో నాలుగు రాళ్ళు పెట్టింది. ట్రేసరమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగింది. ఏడో లెవెల్. నల్లటి గీతలు ఎక్కడా వెడల్పు మారకుండా, ఒక్కచోట కూడా ఇంకు ఆగి తిరిగి ఎత్తుకున్న జాడ లేకుండా పోతున్నాయి. ఎవరు గీశారోగాని చెయ్యి తిరిగిన పనే అనుకుంది. కుడి మూలకి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. అక్కడ పెద్ద డబ్బాలో కంపెనీ పేరూ, షీటు నంబరూ అచ్చువేసి ఉన్నాయి. డబ్బా పక్కన ఒక్కటే బాణం, మామూలు బాణం, నిటారుగా పైకి ఉంది. దానికింద చీమ తలకాయంత రెండు పొడి అక్షరాలు ఉన్నాయి.

అవి ఆవిడవే.

గని మూసే ఏడాది పాత గుడ్డ షీట్లన్నీ ఫిల్ము మీదకి ఎక్కించమన్నారు. నెలరోజుల్లో అరవై షీట్లు. కొత్త ఫిల్ము మీద డబ్బా పెద్దది, రెండు బాణాలకి చోటు చాలలేదు. రెండోది ఎక్కడో అక్కడ ఇరికించవచ్చు, కానీ చూడటానికి వికారంగా ఉంటుందనిపించింది. అందరికీ తెలిసిందే కదా అనుకుని ఒకదానితో సరిపెట్టింది. అదీ నిటారుగా, ముచ్చటగా పెట్టింది. ఆ అందరూ తలా ఒక దారిన పోయారు. షీటు మాత్రం మిగిలింది.

ట్రేసరమ్మకి చెవులు వేడెక్కాయి. మేనేజరు గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాడు. తన సంగతి దాచి, పాత సర్వేయరు తప్పని అనేస్తే సరిపోతుంది, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది.

"ఇది నా చెయ్యే తల్లీ," అంది. "బాణం వదిలేసింది నేనే."

ఆ అమ్మాయి కోప్పడుతుందనుకుంది. ఆ అమ్మాయి ఆ మాట విన్నట్టే లేదు. "ఎంత తిప్పారు? ఎన్ని డిగ్రీలు?" అంటూ పైకి లేచింది. కళ్ళలోంచి నిద్రమత్తు ఎటుపోయిందో, ఉన్నట్టుండి చిన్నపిల్ల అయిపోయింది.

"పద్దెనిమిది. కావాలంటే కొలుచుకో. గాలి బావి మూత చూపిస్తాను రా."

ఇద్దరూ దాదాపు పరుగెత్తారు. ఆ అమ్మాయి మూడు కాళ్ళ పరికరాన్ని షాఫ్టు దిమ్మల మధ్య నిలబెట్టి మరలు తిప్పి సరిచేసింది. ట్రేసరమ్మ తుప్పలు దాటుకుంటూ పలక దగ్గరికి వెళ్ళి, ఆరిన దుప్పట్లు పక్కకి లాగి, నడిమధ్యన కర్ర పట్టుకుని నిలబడింది. దూరం నుంచి ఆ అమ్మాయి చెయ్యి ఊపుతోంది, ఎడమకి, ఇంకాస్త ఎడమకి, చాలు. ట్రేసరమ్మ పంతొమ్మిదేళ్ళూ బల్ల ముందు వంగి గీసిందే తప్ప, ఆ గీతలు నేల మీద ఎలా ఉంటాయో ఎవ్వరూ చూపించలేదు, ఆవిడ అడగలేదు. కాసేపటికి ఆ అమ్మాయి పరికరాన్ని అక్కడే వదిలేసి తుప్పల్లోంచి అడ్డదారిన వచ్చేసింది.

"పదిహేడు డిగ్రీల యాభై ఎనిమిది నిమిషాలు," అంది రొప్పుతూ. "రెండు నిమిషాలు తక్కువ పద్దెనిమిది."

"ఆ రెండు నిమిషాలూ నీ చెయ్యి వణకడం వల్ల వచ్చినవి," అంది ట్రేసరమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

మేనేజరు నవ్వలేదు. లెక్క రెండుసార్లు చెప్పించుకున్నాక అతని మొహంలోకి రంగు వచ్చింది, వెంటనే జాగ్రత్తా వచ్చింది. సొరుగులోంచి కాగితం ఒకటి తీశాడు.

"అమ్మా, ఇప్పుడు మీకు తెలిసింది మార్కెట్లో ఎవరికీ తెలియదు. మేం ప్రకటించేదాకా మీరు షేర్లు కొనకూడదు, అమ్మకూడదు, ఎవరికీ చెప్పకూడదు. మీ ఇంట్లోవాళ్ళకీ అంతే. ఇది చట్టం. సంతకం పెట్టండి."

"ఎప్పుడు ప్రకటిస్తారు?"

"వెంటనే ప్రకటించాలి సార్," అంది జియాలజిస్టు అమ్మాయి.

"చూద్దాం. మూడో బోరు పడ్డాక ఆ ఫలితంతో కలిపి చెబితే బాగుంటుంది. తప్పు చోట రెండు బోర్లు వేశామని ఇప్పుడు చాటింపు వేసుకోవడం దేనికి?"

చట్టం అంటే ట్రేసరమ్మకి భయం ఉంది. సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం లాంపు మాస్టారు వచ్చాడు. గనిలోకి దిగేవాళ్ళకి నంబరు బిళ్ళ తీసుకుని దీపాలిచ్చిన మనిషి. ఒకప్పుడు వీధిలో మగవాళ్ళెవరూ ఆయన చేతిలోంచి దీపం అందుకోకుండా కిందకి దిగలేదు. మనవరాలి నర్సింగు చదువుకి దాచిన డబ్బు మొత్తం ఆ షేర్లలో పెట్టాడు. ఆయన పెడుతుంటే అంతొద్దన్నయ్యా అని ట్రేసరమ్మే రెండుసార్లు వారించింది. ఏడో లెవెల్ గీసింది నువ్వు కదా, నాకింకేం కావాలి అన్నాడప్పుడు.

కుర్చీలో కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "రేపు పదింటికి బ్రోకరు ఆఫీసు తెరవగానే అమ్మేద్దామనుకుంటున్నా చెల్లెమ్మా. సగమైనా మిగులుతుంది. నువ్వేమంటావు?"

లోపల తమ్ముడు దగ్గాడు. అతనికి పొద్దుటే క్లిప్పులతో సహా తెలుసు, ఇంటికొచ్చాక ఆవిడ కాళ్ళావేళ్ళా పడి నోరు కట్టేసింది.

"నన్ను అడక్కన్నయ్యా."

"నిన్ను కాకపోతే ఎవర్ని అడగను?"

"ఇవాళ అడక్కు."

మాస్టారు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ కళ్ళు దించుకుంది. అలా దించుకోవడం ఆయన ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదు. "సరేనమ్మా. అర్థమైంది," అన్నాడు. ఏం అర్థమైందో ఆవిడకి తెలుసు. అది పూర్తిగా తప్పని కూడా తెలుసు. ఆయన మెట్లు దిగుతుంటే పిలవబోయింది, పిలవలేదు.

"పోనీ నేను చెప్పనా అక్కా?" అన్నాడు తమ్ముడు. ఈసారి అతని గొంతులో కొనే ఊసు లేదు.

"నువ్వు చెబితే రేపు జైలుకి నేను పోవాలి, చూడ్డానికి వ్యానేసుకుని నువ్వు రావాలి. పడుకో."

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి మేనేజరు కారు దిగేసరికి ట్రేసరమ్మ వరండాలో రాళ్ళ ట్రేల పక్కన కూర్చుని ఉంది. జియాలజిస్టు అమ్మాయి పక్కనే నిలబడి ఉంది.

"పదింటిలోగా ప్రకటన వెయ్యండి బాబూ," అంది ట్రేసరమ్మ.

"నిన్న చెప్పాను కదమ్మా."

"నేను నోరు మూసుకుంటానని సంతకం పెట్టాను. మీరు మూసుకుంటారని పెట్టలేదు. నాకు తెలిసిన సంగతి తెలియక పదింటికి మావాళ్ళు అమ్మేసుకుంటారు. ఎవడో తెలివైనవాడు కొంటాడు. నేను చూస్తూ కూర్చోవాలి. ఇదెక్కడి న్యాయం?"

"ఏమని వెయ్యమంటారు? కంపెనీకి ఉత్తరం ఏదో దక్షిణం ఏదో తెలియదనా? పెట్టుబడి పెట్టినవాళ్ళు నన్ను పీక్కుతింటారు."

ట్రేసరమ్మ ఆ మాట కోసమే కాచుకుని ఉంది. రాత్రంతా అదే ఆలోచించింది. "మీకు తెలియదని ఎందుకు వెయ్యాలి? నేను తప్పు గీశానని వెయ్యండి. అది నిజమే కదా."

మేనేజరు ఆవిడని మొదటిసారి సరిగ్గా చూశాడు. లోపలికి వెళ్ళి టైపు చేయడం మొదలుపెట్టాడు. జియాలజిస్టు అమ్మాయి వెనక నిలబడి ఒక వాక్యం చేర్చమంది, ఆ ట్రేసరే స్వయంగా వచ్చి తప్పు చూపించారని. అతను చేర్చాడు, మళ్ళీ చదువుకుని తీసేశాడు. ప్రకటన పొట్టిగా ఉండాలన్నాడు. ఆ అమ్మాయికి మొహం ఎర్రబడింది. ట్రేసరమ్మ ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుని ఆపింది. గోడ మీద గడియారంలో తొమ్మిదీ ఇరవై అవుతోంది.

పదింటికి మాస్టారు బ్రోకరు ఆఫీసు మెట్ల మీద ఉన్నాడు. కౌంటరులో మనిషి ఆయన కాగితం తిరిగి ఇచ్చేసి, ఇప్పుడే ప్రకటన వచ్చింది, పన్నెండు దాకా ఆ షేరు కొనడం అమ్మడం ఆపేశారు, ఇది చదువుకుని అప్పటికీ అమ్మాలనుంటే రండి అన్నాడు. ఈలోగా వీధిలో ఫోను ఫోనుకీ ఆ నాలుగు వాక్యాలూ పాకిపోయాయి. పాత మ్యాపు దించిన ట్రేసరు దిక్కు గుర్తు వదిలేయడం వల్ల రెండు బోర్లూ గురి తప్పాయి, మూడో బోరు సరిచేసిన చోట వేస్తాం అని దాని సారాంశం. సగంమంది ఎగిరి గంతేశారు. మిగతా సగంమంది పంపు దగ్గర బిందెలు పెట్టుకుని, ఇన్నాళ్ళూ నా చెయ్యి నా చెయ్యి అంటే ఇదా చెయ్యి అనుకున్నారు. మరదలు ఆ మాట విని జ్వరం జ్వరంగానే పంపు దగ్గరికి వెళ్ళి దులిపేసి వచ్చింది. ట్రేసరమ్మ టైలరు షాపులో తలెత్తకుండా చొక్కాలు గీసుకుంది. ఆ రోజు ఎవరూ ఆవిడని పలకరించలేదు, మాస్టారు కూడా రాలేదు.

మూడో రోజు మిషను తుప్పల మిట్ట మీదకి మారింది. బోరు గొట్టాన్ని ఎటు వాల్చాలో నేల మీద గీత వెయ్యాలి. ఆ గీత మీరే వెయ్యండమ్మా అని జియాలజిస్టు అమ్మాయి కబురు పెట్టింది. ట్రేసరమ్మ వెళ్ళేసరికి వీధి సగం అక్కడే ఉంది. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ వెళ్ళిపోలేదు. షేరు నిన్నటినుంచి పైకీ కిందకీ ఊగుతోందని తమ్ముడు చెవిలో చెప్పాడు.

తాడు ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస పట్టుకోవడానికి ఎవరొస్తారా అని ఆవిడ చూసింది. జనంలోంచి మాస్టారు వచ్చి వంగి తాడు అందుకున్నాడు.

"అమ్మేశావా అన్నయ్యా?" అంది ఆవిడ, ఎవరికీ వినపడకుండా.

"అమ్మలేదు."

"నేనే తప్పు గీశానని చదివాక కూడానా?"

"చదివాకే. ఆ కంపెనీవాళ్ళకి తప్పని ఎవరు చెప్పి ఉంటారా అని ఆ మెట్ల మీద రెండు గంటలు కూర్చుని ఆలోచించాను. రాళ్ళు చెప్పవు కదా. మొన్న సాయంత్రం నువ్వు కళ్ళెందుకు దించుకున్నావో అప్పుడు తెలిసింది." తాడు వేలికి చుట్టుకున్నాడు. "నిన్న తెలియక అమ్మబోయాను. ఇప్పుడు తెలిసి ఉంచుకున్నాను. పోతే నా తెలివి తక్కువ, నీ మీద అలగను. ఎటు లాగమంటావు, చెప్పు."

"కుడికి. ఇంకాస్త. చాలన్నయ్యా, బిగించి పట్టుకో."

ట్రేసరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తాటి వెంబడి సున్నం పోసుకుంటూ పోయింది. ఎర్రటి మట్టి మీద తెల్లటి గీత ఎక్కడా వెడల్పు మారకుండా మిషను పాదాల దాకా వచ్చి ఆగింది. జనం దగ్గరికి జరిగారు. డ్రిల్లరు వేరే ఊరి నుంచి వచ్చిన మనిషి, ఈ గొడవలేవీ తెలియవు. నూనె చేతులు తుడుచుకుంటూ గీతని అటునుంచి ఇటు చూశాడు.

"ఎవరిదమ్మా ఈ గీత?"

"నాదే," అంది ట్రేసరమ్మ లేచి నిలబడుతూ. గొంతు పెంచింది, వీధి మొత్తానికీ వినపడాలని. "అప్పుడు తప్పు గీసింది కూడా నేనే."

డ్రిల్లరు ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే మంచిదే. తప్పెక్కడ పడిందో తెలిసినవాళ్ళు గీశారన్నమాట," అని మిషను ఎక్కాడు.

ఇంజను అందుకుంది. కాళ్ళ కింద నేల అదిరింది. మాస్టారు తాడు వదల్లేదు, ఆవిడా వదలమనలేదు. గొట్టం తెల్లటి గీత వైపు వాలి, తిరుగుతూ మట్టిలోకి దిగింది.